తొమ్మిది మందిమి, ఒక హార్మోనియం, ఒక తబలా: అందరికీ కలిసొచ్చే శ్రుతి ఏది?

పద్మాక్షి గుట్ట దగ్గర (ప్రశ్న):

అందరికీ నమస్తే. హన్మకొండల మా కాలనీ గుడి హాల్ల ప్రతి శనివారం భజన చేస్తున్నం. తొమ్మిది మందిమి. ఐదుగురం ఆడోళ్లం, నలుగురు మగోళ్లు, వయసు 55 నుంచి 74 దాకా. సామాను: రెండు వరుసల రీడ్లున్న 3½ ఆక్టేవుల హార్మోనియం, తబలా డగ్గా, బోల్టుల ఢోలక్, రెండు జతల తాళాలు, ఒక స్పీకరు, రెండు మైకులు. ధనుర్మాసం నెల రోజులూ తెల్లవారుజామున పాడాలని అనుకున్నం, అప్పటికి సర్దుకోవాలె.

1 శ్రుతిల (హార్మోనియం తెల్ల మెట్లకు 1 నుంచి 7, నడుమ నల్ల మెట్లకు 1½, 2½ లెక్క అర అంకెలు) వాయిస్తే మగోళ్లకు హాయిగ ఉంటది. మాకు కింద అందదు, పై స్థాయిల ఎత్తుకుంటే గొంతు పోతది. 5ల వాయిస్తే మాకు బాగుంటది, వాళ్లు చరణంల ఆగిపోతరు. తబలా ఒక పాటకు కలిసినట్టే ఉంటది, పాట మారంగనే విడిగ మోగుతది. మొదలుపెట్టిన వేగం పాట చివరికి ఉంటలేదు. వానలు పడ్డప్పటి సంది హార్మోనియంల ఒక తెల్ల మెట్టు నొక్కితే పైకి లేస్తలేదు, ఇంకో మెట్టు అసలే మోగుతలేదు. మాల ఒక పెద్దాయనకు చెవి మిషన్ ఉన్నది, హార్మోనియం వణికినట్టు వినపడుతున్నదని అంటున్నరు. ఇంకొకటి: 68 ఏండ్ల అక్క ఒకామె కొత్తగ హార్మోనియం పట్టుకున్నరు. ధనుర్మాసం దాక మూడు నెలలు ఉన్నది. ఎంతవరకు వస్తది?

నల్ల మెట్లు:

అక్కా, ముందు గొంతులు, తర్వాత పెట్టె (హార్మోనియం), ఆ తర్వాతే తబలా. చాలా బృందాల్లో ఈ వరుస తలకిందులుగా ఉంటుంది. హార్మోనియం వాయించేవారి చేతికి అలవాటైన మెట్టే శ్రుతి అయిపోయి, మిగతా అందరూ దానికి గొంతు వంచుకుంటారు.

ఒక శనివారం పాటలు పక్కన పెట్టి కొలత తీయండి. ఒక్కొక్కరి చేత అకారం పాడిస్తూ ఒక్కో మెట్టు కిందికి దిగండి. గాలి తప్ప నాదం రాని చోటు తగిలాక, దానికి రెండు మెట్లు పైన గీత పెట్టండి. అలాగే పైకి ఎక్కండి. మెడ నరాలు బిగిసే చోటికి రెండు మెట్లు కింద ఇంకో గీత. తొమ్మిది మంది గీతల్నీ ఒకే కాగితం మీద పక్కపక్కన వేస్తే మీ శ్రుతి అక్కడే కనబడుతుంది. మగవారికి 1 నుంచి 2, ఆడవారికి 4½ నుంచి 5½ అని చెప్పుకునేది వయసులో ఉన్న గొంతుల లెక్క. అరవై దాటేసరికి ఆడవారి గొంతు కొంత కిందికి దిగుతుంది, మగవారిది పెద్దతనంలో కొంత పైకి జరుగుతుంది. మీ మధ్య దూరం వయసుతో తగ్గిందన్నమాట. మీకు 4 గానీ 4½ గానీ తేలుతుందని నా అంచనా.

4½ అనుకుందాం. మగవారు పాటను బట్టి చోటు మార్చుకోవాలి. సా నుంచి పా లోపల తిరిగే పల్లవిని ఆడవారితో పాటు అదే స్థాయిలో పాడవచ్చు. పా దాటి పై సా చుట్టూ తిరిగే చరణం వస్తే ఒక స్థాయి కిందికి దిగాలి. ఎక్కడ దిగాలో, మళ్లీ ఎక్కడ కలవాలో పాటల పుస్తకంలో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. ఎవరికి తోచిన చోట వాళ్లు దిగితే ఒకే చరణంలో నలుగురు నాలుగు చోట్ల ఉంటారు, బయటికి అది అపశ్రుతిగానే వినిపిస్తుంది. త్యాగరాజస్వామి దివ్యనామ కీర్తనలు బృందాలకు అంత బాగా కుదరడానికి ఒక కారణం ఇదే. చరణాలన్నీ ఒకే వరసలో ఉంటాయి, ఒక చరణానికి గుర్తు పెడితే అన్నింటికీ సరిపోతుంది.

ఇప్పుడు ఆ 68 ఏళ్ల అక్కగారి సంగతి. 4½ శ్రుతి ఆమెకు వరం. హార్మోనియం మీద నల్ల మెట్లు రెండు ఒక గుంపు, మూడు ఒక గుంపుగా ఉంటాయి కదా. మూడింటి గుంపులో మొదటిది 4½. అక్కడ సా పెట్టి వరసగా నల్ల మెట్లు మాత్రమే నొక్కుతూ పోతే సా రి గ ప ద, అంటే మోహన రాగం. తెల్ల మెట్టు తాకే పనే లేదు, తప్పు స్వరం పడే చోటే లేదు. ఇంకా బాగుండే విషయం, అవే ఐదు మెట్లు, సా మార్చితే రాగం మారిపోతుంది. మూడింటిలో మధ్యది (5½) సా అయితే మధ్యమావతి. చివరిది (6½) సా అయితే హిందోళం. రెండింటి గుంపులో మొదటిది (1½) సా అయితే శుద్ధ సావేరి, రెండోది (2½) సా అయితే శుద్ధ ధన్యాసి. గ్రహభేదం అని పుస్తకాల్లో చదివేది వేళ్ల కింద ఇలా దొరుకుతుంది. మంగళం మధ్యమావతిలో పాడటం ఆనవాయితీ కాబట్టి మోహనలో మొదలుపెట్టి మధ్యమావతిలో ముగించే భజన మొత్తం ఆమె నల్ల మెట్ల మీదే నడిపించగలరు.

రోజుకు 20 నిమిషాలు చాలు, కానీ ప్రతిరోజూ. మొదటి రెండు వారాలు తిత్తి ఒక్కటే: ఒక మెట్టు నొక్కి పట్టి, స్వరం ఉబ్బకుండా తగ్గకుండా నిమిషం పాటు నిలపడం. కొత్తవాళ్లందరూ తిత్తిని పూర్తిగా తెరిచి గట్టిగా నెడతారు, దాంతో స్వరం అలలాగా లేచి పడుతుంది. చిన్న చిన్న నెట్టుడు, లోపలి తిత్తి ఎప్పుడూ సగం నిండి ఉండాలి. ఆ తర్వాత నాలుగు వారాలు మోహనలో సరళి వరసల్లా ఎక్కడం దిగడం. ఏడో వారం నుంచి పాట. మూడు నెలల్లో నాలుగైదు పాటలు శుభ్రంగా వస్తాయి. స్టాపర్లు (గాలి వదలడానికి ముందుకు లాగే గుండీలు) రెండు మించి తెరవొద్దని చెప్పండి, అన్నీ తెరిస్తే గాలి ఎక్కువ తాగి భుజం నొప్పి పెడుతుంది. కింద కూర్చోలేకపోతే కుర్చీలో కూర్చుని, పెట్టెను బల్ల మీద ముంజేయి నేలకు సమాంతరంగా ఉండే ఎత్తులో పెట్టుకోవచ్చు. అందులో చిన్నతనం ఏమీ లేదు.

గజ్రా దెబ్బ (కరీంనగర్):

పైన చెప్పిన 4½, 5½, 1½ మూడింటికీ ఒకే తబలా సరిపోతుంది అమ్మా. మీ తబలా మూతి కొలవండి. 5½ అంగుళాలు ఉంటే అది 1½ శ్రుతి దగ్గర బాగా పలుకుతుంది. తబలాను ఎప్పుడూ సా కే కలపాలని లేదు, పా కి గానీ మా కి గానీ కలపొచ్చు. తబలా 1½లో ఉన్నప్పుడు పాట 1½లో అయితే అది సా, 4½లో అయితే అది పా, 5½లో అయితే అది మా. మూడు శ్రుతుల పాటలకూ సుత్తి ముట్టుకోనక్కర్లేదు. పాట మారగానే విడిగా మోగుతున్నదంటే మీరు 1, 2, 5 అని ఇష్టం వచ్చినట్టు మారుస్తున్నారన్నమాట. పాటల జాబితాను శ్రుతి ప్రకారం వరుస పెట్టుకుంటే సగం తలనొప్పి పోతుంది.

హిందోళం దగ్గర మాత్రం జాగ్రత్త. అందులో పంచమం లేదు, కాబట్టి తబలా సా కో మా కో ఉండాలి. 6½లో పాడితే మా 2½ దగ్గరికి పోతుంది, ఈ తబలాను అంత ఎక్కించడం మంచిది కాదు. అదే హిందోళాన్ని 5½లో పాడితే మా 1½ అవుతుంది, తబలా కదపక్కర్లేదు. కాకపోతే హార్మోనియం మీద గ, ద రెండూ తెల్ల మెట్లు (7, 3) అవుతాయి.

కలిపే పద్ధతి. హార్మోనియంలో 1½ మెట్టు నొక్కి పట్టమనండి. తబలా అంచు మీద 'నా' వాయించండి. చాలా దూరంగా ఉంటే ముందు గట్టలు (పక్కన పట్టీల కింద ఉండే చెక్క ముక్కలు): ఎనిమిది గట్టలుంటాయి, ఒకదాన్ని కొడితే వెంటనే దానికి ఎదురుగా ఉన్నదాన్ని కొట్టాలి, పక్కదాన్ని కాదు. దగ్గరికి వచ్చాక గట్టలు వదిలేసి గజ్రా (మూతి చుట్టూ ఉండే తోలు జడ) పట్టుకోండి. గజ్రా మీద పైనుంచి కిందికి కొడితే స్వరం పెరుగుతుంది, కిందినుంచి పైకి కొడితే తగ్గుతుంది. చుట్టూ 16 చోట్ల 'నా' విని చూడాలి. ఒక్క చోట తక్కువగా ఉన్నా తబలా మొత్తం బొంగురుగా ఉంటుంది. సుత్తి చర్మానికి తగిలితే ఆ పుడ (మూతి మీది చర్మం) అక్కడే చిరుగుతుంది, కాబట్టి చిన్న దెబ్బలే.

సరిగ్గా కలిసిందని ఎలా తెలుస్తుంది? దాదాపు కలిసినప్పుడు రెండు నాదాల మధ్య 'వా... వా... వా' అని ఒక అల వినబడుతుంది. ఎంత దగ్గరైతే అల అంత నెమ్మదిస్తుంది. అల పూర్తిగా ఆగిన చోట చేయి ఆపేయండి. తంబూరా యాప్ వాడితే కూడా ఇదే పరీక్ష. పాత హార్మోనియాలు అన్నీ ఒకే ప్రమాణానికి ఉండవు. పెట్టెను మార్చలేం, కాబట్టి యాప్‌లోని సన్న సవరింపును పెట్టెకు కలపాలి.

ఢోలక్ బోల్టులదే కాబట్టి స్పానరుతో ఎదురెదురు బోల్టులు పావు చుట్టు చొప్పున బిగించండి. సన్న నాదం ఇచ్చే వైపును సా కో పా కో కలిపితే చాలు. మందం వైపు లోపల మసాలా పూత ఉంటుంది, ఎండలో పెడితే అది మెత్తబడి జారిపోతుంది. వానాకాలం చర్మం తేమ పీల్చి సడలుతుంది, అప్పుడు బిగించేస్తారు. మర్నాడు ఎండ కాయగానే అదే చర్మం ముడుచుకుని అంచు దగ్గర పగులుతుంది. అందుకే వాయించడం అయ్యాక బోల్టులు అర చుట్టు వదలండి. బిగించే ముందు పది నిమిషాలు మామూలు బల్బు వెలుగుకు రెండడుగుల దూరంలో పెట్టండి. తేమ పోతే బిగించాల్సిన పని సగం తగ్గుతుంది.

డోలు దరువు (జనగామ):

అక్కా, వేగం ముచ్చట నేను చెప్త. ముందుగాల ఫోన్ల ఒక పాట రికార్డు జేయుండ్రి. మొదట్ల 15 సెకండ్లల్ల ఎన్ని దెబ్బలు పడ్డయో లెక్కవెట్టి నాలుగుతోని గుణించుండ్రి. ఆఖర్ల మళ్ల గట్లనే. 72తోని మొదలువెట్టి 100 దాటినట్టు తేలితే ఏడ జారుతున్నదో వెతకాలె. నూటికి తొంభై పాళ్లు వరుస ఆఖరుకు ఊపిరి దీసుకునే కాడ జారుతది. ఆడ రెండు దెబ్బల జాగ ఉంటది, కోరస్ వాళ్లు ఒకటిన్నరకే అందుకుంటరు. వరుసకు అర దెబ్బ అంటే ఇరవై వరుసలకు ఎంతో మీరే చూడుండ్రి.

దీనికి సాధకం ఉన్నది. ఒక వరుస పాడుండ్రి, తర్వాత వరుస నోరు మూసుకొని తాళం మాత్రమే వేయుండ్రి, మూడో వరుస మళ్ల పాడుండ్రి. తొమ్మిది మంది ఒక్కసారి అందుకున్నరంటే కుదిరినట్టే. నాలుగు వారాలు చేస్తే చాలు, తేడా మీకే తెలుస్తది.

రెండు జతల తాళాలు ఉన్నయంటిరి. ఒక జతనే వాడుండ్రి. రెండు జతలుంటే రెండో ఆయన మొదటి ఆయన దెబ్బ ఇని కొడతడు, అది ఎప్పుడూ వెనుకబడే ఉంటది. తాళం పట్టినాయన కోరస్‌ను ఇనుడు కాదు, తబలాను ఇనాలె. కోరస్ తాళాన్ని ఇనాలె. తాడు వదులుగ పట్టుకోవాలె, కంచు మోగనీయాలె. అరచేతిల బిగవడితే 'టక్' అనే సప్పుడే వస్తది, దూరం పోదు.

కొన్ని పాటలు దెబ్బ మీద లేవవు, అర దెబ్బ ఆగినంక లేస్తయి. ఎత్తుగడ గది. మొదట ఎత్తే ఆమెకు తెలుస్తది, కోరస్‌కు తెల్వదు. వాళ్లు దెబ్బ మీదనే లేస్తరు, ఇగ ఆన్నుంచి పాట ఒకదిక్కు, తాళం ఒకదిక్కు. చేత్తోని దెబ్బ వేసి, చేయి పైకి లేచినంకనే నోరు తెరవాలె అని అలవాటు చేయుండ్రి. ఆఖర్ల జోరు పెంచాలంటే రెట్టింపు చేయుండ్రి: 72 దెబ్బలు గట్లనే ఉంటయి, ఒక దెబ్బల రెండు నడకలు పడతయి. అది జోరు. జారిపోవుడు జోరు కాదు.

బతుకమ్మ వస్తున్నది కాబట్టి ఒక మాట. పెద్ద గుండ్రం తిరుగుకుంట ఆడేటప్పుడు ఆ పక్కోళ్ల సప్పట్లు ఎనుకబడుతున్నయంటే వాళ్ల తప్పు గాదు. సప్పుడు సెకండుకు దగ్గర దగ్గర 340 మీటర్లు పోతది. గుండ్రం 30 మీటర్ల వెడల్పు ఉంటే ఇటు పాడింది అటు చేరనీకి సెకండుల పదో వంతు కావస్తది. సప్పట్లకు అది మస్తు ఎక్కువ. పాట ఎత్తే ఆమె గుండ్రంల నిలబడితే ఒక పక్కకు దగ్గర, ఒక పక్కకు దూరం అయితది. నడిమిట్ల బతుకమ్మల పక్కన నిలవడితే అందరికీ సమానం దూరం, ఆలస్యం కూడ సమానం. ఇంక బతుకమ్మ పాటకు శ్రుతిపెట్టె పెట్టకుండ్రి. ఎత్తే ఆమె గొంతే శ్రుతి. ఆమె అలిసిపోయి ఇంకొకామె అందుకుంటే శ్రుతి మారుతది, గది ఆ పాట అందం.

కాజీపేట కుర్రాడు:

ఇంత కష్టం ఎందుకు ఆంటీ, యూట్యూబ్‌లో ట్రాకులు ఉన్నాయి కదా. స్పీకరులో పెట్టుకుని పాడితే శ్రుతి, తాళం రెండూ అదే చూసుకుంటుంది.

నల్ల మెట్లు:

తమ్ముడూ, ఇంట్లో ఒక్కరే సాధన చేసేటప్పుడు ట్రాకు మంచిదే, తాళం నిలుస్తుంది. కానీ బృందంలో 74 ఏళ్ల ఆయన చరణం చివర ఊపిరి కోసం ఒక క్షణం ఎక్కువ తీసుకుంటే ట్రాకు ఆగదు, తబలా ఆగుతుంది. ఎవరి గొంతైనా ఆ రోజు బొంగురుపోతే ట్రాకు అర మెట్టు తగ్గదు, పెట్టె తగ్గుతుంది. ఎదుటి మనిషి ఊపిరి చూసి చేయి ఆపడం, చేయి చూసి గొంతు విప్పడం, కలిసి వాయించడమంటేనే అది. ఏళ్ల తరబడి మనుషుల్ని వారం వారం ఆ హాలుకు రప్పించేది కూడా అదే. ఊపిరి ఆడనివారు తాళం పట్టుకుంటారు, చేతులు వణికేవారు పల్లవి అందుకుంటారు. ట్రాకు పెడితే వీళ్లందరికీ మిగిలేది పాట వెంట పరుగెత్తడమే.

అక్కా, మీ హార్మోనియం మరమ్మతు మాట. లేవని మెట్టు: వానాకాలం చెక్క ఉబ్బి పక్క మెట్టుకు రాసుకుంటోంది. పై మూత తీసి, ఆ మెట్టును కొద్దిగా అటూ ఇటూ కదిపితే ఏ పక్క తగులుతోందో మెరుపు గీతలా కనబడుతుంది. 400 నంబరు గరుకు కాగితంతో ఆ పక్కన మాత్రమే నాలుగైదు సార్లు రుద్ది చూడండి. ఎక్కువ రుద్దొద్దు, ఎండాకాలం చెక్క ముడుచుకున్నాక వదులై మెట్టు గలగలమంటుంది. కొబ్బరినూనె అస్సలు వేయకండి, దుమ్ము పట్టి బంకలా అవుతుంది.

మోగని మెట్టు: తొంభై శాతం రీడు నాలుక కింద దుమ్మురవ్వ ఇరుక్కుని ఉంటుంది. ముందు స్టాపర్ తెరిచి ఆ మెట్టును టకటకా నొక్కుతూ తిత్తిని గట్టిగా పదిసార్లు నెట్టండి, చాలాసార్లు అదే ఎగిరిపోతుంది. కాకపోతే మెట్ల చెక్క కిందున్న రీడ్ల పలక బయటికి తీసి, పలచని బ్లేడు అంచుతో ఇత్తడి నాలుకను వెంట్రుకవాసి పైకెత్తి వదలండి. నోటితో ఊదొద్దు, తేమకు ఇత్తడి నల్లబడుతుంది. శ్రుతి తప్పిన రీడును మాత్రం మీరు గీకకండి. కొసన గీకితే స్వరం పెరుగుతుంది, మొదట గీకితే తగ్గుతుంది, చెప్పడానికి ఇంతే. కానీ ఒక గీత ఎక్కువ పడితే రీడు పోయినట్టే. అది పనివాడి చేయి. పెట్టెలో రెండు సిలికా జెల్ సంచులు వేసి, వాయించకపోయినా రోజూ పది నిమిషాలు తిత్తి ఆడించండి. తిత్తి చెక్ చేయడానికి: స్టాపర్లన్నీ మూసి గాలి నింపి వదిలేయండి. కొద్ది సెకండ్లలోనే కుంగిపోతే ఎక్కడో లీకు ఉంది, ముందు తిత్తి మడతల మూలలు చూడండి, ఎలుకలు కొరికేది అక్కడే.

ఇంకొక చిన్న సంగతి, ఇది చాలామంది పట్టించుకోరు. మోహనలో గాంధారం మీద నిలిచే చోట మీ బృందం హార్మోనియం కన్నా కొంచెం కిందికి పోతున్నట్టు ఉంటుంది. తప్పు మీ గొంతుది కాదు. అర మెట్టును (పక్కపక్క మెట్ల మధ్య స్వరం తేడాను) వంద భాగాలు చేస్తే, హార్మోనియం గాంధారం సహజమైన గాంధారం కన్నా 14 భాగాలు పైన ఉంటుంది. గొంతు తనంతట తాను సహజమైన చోటికే వెళ్తుంది. అక్కడ గ మీద వేలు తీసేసి సా, పా రెండే పట్టుకోమని వాయించేవారికి చెప్పండి. గొంతులు వాటంతట అవే ఒక్కచోట కూర్చుంటాయి, హాలు నిండుతుంది. ఒక్కసారి చేసి చూస్తే మళ్లీ వదలరు.

స్పీకరు వెనుక (వరంగల్):

మైకు, చెవి మిషన్ రెండూ నేను చెప్తాను.

హాల్లో ముప్పై నలభై మంది కూర్చుంటే హార్మోనియానికి, తబలాకు మైకు అక్కర్లేదు. గొంతులకే వాడండి. తొమ్మిది మందిని రెండు చిన్న అర్ధచంద్రాలుగా కూర్చోబెట్టి ఒక్కోదానికి ఒక మైకు. నోటికి, మైకుకు మధ్య అడుగు దూరం ఉంటే రెండు మైకుల మధ్య కనీసం మూడడుగులు ఉండాలి. దగ్గరైతే ఒకే గొంతు రెండింట్లో పడి డొల్లగా వినిపిస్తుంది. స్పీకరు పాడేవాళ్ల ముందు వరసలో, జనం వైపు తిరిగి ఉండాలి. మైకు వీపు స్పీకరు వైపు ఉండాలి. కూత వస్తుందంటే మైకు మూతి ఎక్కడో స్పీకరును చూస్తోంది. మిక్సరులో ఎకో పూర్తిగా ఆపేయండి. గ్రానైటు నేల, నున్నటి గోడలు ఉన్న హాలుకు దాని ఎకో దానికే ఉంటుంది, రెండూ కలిస్తే సాహిత్యంలో ఒక్క మాట అర్థం కాదు. నేల మీద జంపఖానాలు పరిచి, వెనక గోడకు మందపాటి పరదా కడితే మంచి స్పీకరు కొన్నంత ఫలితం. హార్మోనియం పెట్టెను కొంచెం పక్కకు తిప్పి గాయకులకు వినబడేలా పెట్టండి.

చెవి మిషన్ పెట్టుకున్న పెద్దాయనకు ఏ లోపమూ లేదు, హార్మోనియానికీ లేదు. చెవి మిషన్లలో కూత ఆపే ఏర్పాటు ఉంటుంది. హార్మోనియం, వేణువు లాంటి నిలకడైన నాదం వస్తే అది కూత అనుకుని దాన్ని చెరిపేయబోతుంది. ఆ వణుకు అదే. ఆడియాలజిస్టు దగ్గరికి వెళ్లి "సంగీతం కోసం విడిగా ఒక ప్రోగ్రాం పెట్టండి" అని అడగాలి. అందులో కూత ఆపేది, చుట్టూ సప్పుడు తగ్గించేది రెండూ తగ్గిస్తారు. మాటలకు ఒక ప్రోగ్రాం, భజనకు ఒకటి, బటన్‌తో మార్చుకోవచ్చు. వీలైతే హార్మోనియం తీసుకెళ్లి అక్కడే వాయిస్తూ సరి చేయించుకుంటే ఒక్క రోజులో అవుతుంది. చెవి సరిగా వినబడక చాలామంది పెద్దవాళ్లు కచేరీలకు పోవడం మానేస్తారు, ఇది తెలియకపోవడం వల్లే.

మిగతావాళ్లు కూడా చెవులు కాపాడుకోండి. 85 డెసిబెల్‌లో ఎనిమిది గంటలు ఉండవచ్చని నియోష్ (పనిచోట ఆరోగ్యం మీద పరిశోధించే అమెరికా ప్రభుత్వ సంస్థ) లెక్క, మూడు డెసిబెల్‌లు పెరిగినప్పుడల్లా సమయం సగమవుతుంది. 100 దగ్గర 15 నిమిషాలే. నిమజ్జనం రోజు డీజే బండి పక్కన నడిచేవారు నురుగు ఇయర్‌ప్లగ్గులు పెట్టుకోవాలి. ఇంటికొచ్చాక చెవిలో గుయ్‌మంటే అది హెచ్చరిక.

పద్మాక్షి గుట్ట దగ్గర:

అందరికీ చేతులెత్తి దండం. తబలా మూతి 5½ అంగుళాలే, 1½కి కలిపి చూసినం. 4½ల మోహన పాడితే ఒక్క పెట్టెల నుంచి వచ్చినట్టే ఉన్నది. మోగని మెట్టు తిత్తి నెట్టుడుకే మోగింది. కోరస్ ఇంకా వరుస ఆఖరుకు జారుతున్నది, నోరు మూసుకొని తాళం వేసే సాధకం మొదలువెడుతున్నం. రెండు అడగాల్సినవి ఉన్నయి. తబలా, ఢోలక్ రెండూ ఒకేసారి వాయించాల్నా? ధనుర్మాసంల పొద్దున ఐదింటికి గొంతులు లేవవు, అప్పుడు 4½ ఎట్ల?

గజ్రా దెబ్బ (కరీంనగర్):

రెండూ ఒకేసారి వద్దమ్మా. ఇద్దరూ ఒకే నడక వాయిస్తే దెబ్బ ముద్దైపోతుంది, వేరే నడక వాయిస్తే కోరస్ ఎవరిని వినాలో తెలియదు. నెమ్మది పాటలకు తబలా, ఆరు దెబ్బల దాద్రా, ఎనిమిది దెబ్బల కహర్వా జోరు భజనలకు ఢోలక్. రెండో ఆయన ఆ సమయంలో చప్పట్లు పట్టాలి.

తెల్లవారుజామున ఎవరి గొంతైనా కొంత కిందే ఉంటుంది. మొదటి రెండు పాటలు 4లో పెట్టుకోండి, గొంతు తెరుచుకున్నాక 4½కి ఎక్కండి. 4 శ్రుతికి పా అంటే 1, కాబట్టి తబలాను ముందు 1కి కలిపి, మూడో పాటకు ముందు గజ్రా చుట్టూ చిన్న దెబ్బలతో 1½కి ఎక్కించుకోండి. కింది నుంచి ఎక్కించిన తబలా నిలుస్తుంది. పైనుంచి దించితే పాట మధ్యలో మళ్లీ జారుతుంది, కాబట్టి ఆ వరుస తారుమారు చేయకండి. హార్మోనియం వాయించే అక్కగారికి 4లో మోహన కొత్తగా ఉంటుంది: 4, 5, 6, 1, 2, అన్నీ తెల్ల మెట్లే. అది కూడా ఒక వారం చేయి తిప్పుకోమనండి.